తరగని పిండి

తొట్టి అడుగున రేకు గరిటె గీసుకునే చప్పుడు ఎంత పెద్దగా ఉంటుందో మగవాళ్ళకి తెలియదు. రఫీలా మోకాళ్ళ మీద కూర్చుని, నడుం దాకా ఆ చెక్క తొట్టిలోకి వంగి, బాతు ఈకతో మూలమూలలా ఊడ్చింది. ఊడిస్తే దోసెడు మొక్కజొన్న పిండి వచ్చింది. అందులో సగం దుమ్ము. నలుగురు పిల్లలకి ఈ పూట సంకటి జారుగా కాస్తే సరిపోతుందేమో. తనకి అక్కర్లేదు. తనకి అక్కర్లేదని ఎప్పుడు తీర్మానమైందో, ఎవరు తీర్మానించారో ఆమెకి గుర్తులేదు.

పక్క గదిలో భర్త తెయోఫిల్ రేపు ఆదివారం ప్రార్థన మందిరంలో చెప్పబోయే సాక్ష్యాన్ని కిటికీకి చెప్పి చూసుకుంటున్నాడు. మధ్యలో ఆపి కేకేశాడు.

"రఫీలా! రేపు జిల్లా నుంచి సంఘం పెద్దలొస్తున్నారు. భోజనం మనింట్లోనే అని చెప్పేశాను. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి చేస్తావు చూడు, అవి చెయ్యి. కిందటిసారి నతనాయెల్ అన్న అడిగి మరీ పెట్టించుకున్నాడు."

"దేంతో చెయ్యను?"

"అదేం ప్రశ్న? ఇన్నాళ్ళూ దేవుడు ఇవ్వలేదా? తొట్టి ఒక్క రోజన్నా ఖాళీగా ఉందా?"

తొట్టిలోంచి తల బయటికి తీయకుండానే రఫీలా ఆ మాట విన్నది. ఖాళీ చెక్కలో ఆ మాట గుయ్యిమంది. ఒళ్ళంతా మండింది. ఖాళీగా ఉందా అట! వచ్చి చూస్తే కదా తెలిసేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మూత ఎత్తిన మగచెయ్యి లేదు.

తొట్టికి పైన గోడకి మేకు ఉంది. ఆ మేకుకి ఈ ఏటి వాగ్దానం కార్డు వేలాడుతోంది. కొత్త సంవత్సరపు ఆరాధనలో బుట్ట తిప్పుతారు. ఇంటికొక కార్డు. ఆ కార్డు మీదున్న వాక్యమే ఆ ఇంటికి ఏడాది పొడుగునా దేవుడిచ్చిన మాట. దాన్ని తియ్యాల్సింది ఇంటి పెద్ద. అట్టలు కత్తిరించి, అంచులకి ఎండు పువ్వులు అంటించి, అక్షరాలు దిద్ది ఆ బుట్ట నింపింది ఆడవాళ్ళే. క్రిస్మస్‌కి ముందు అడ్వెంటు రోజులంతా రఫీలా వేళ్ళకి జిగురు వదల్లేదు. బుట్టలో చెయ్యి పెట్టే వంతు వచ్చేసరికి మాత్రం ఆడవాళ్ళు తలగుడ్డలు సవరించుకుని అవతలి వరసలో కూర్చోవాలి. తెయోఫిల్ కళ్ళు మూసుకుని తీశాడు. కరువు రోజుల్లో ప్రవక్తకి రొట్టె చేసి పెట్టిన ఒక విధవరాలి తొట్టిలో పిండి తరగనివ్వనని దేవుడు చెప్పిన మాట వచ్చింది. అది చదివి మందిరంలో అందరి ముందూ ఏడ్చాడు. ఆ వారమే కోత మిల్లులో పని మానేశాడు.

"దేవుడు ఇంత తేటగా మాట్లాడాక ఇంకా దుంగలు కోస్తూ కూర్చుంటే అవిశ్వాసం కాదూ? ఇక నా పని ఊరూరా సువార్త చెప్పడమే. తిండి సంగతి ఆయన చూసుకుంటాడు," అన్నాడు.

ఎవరు చూసుకుంటారని ఆమె అడగలేదు. అడిగితే విశ్వాసం లేనిదంటారు. అత్తగారు సవేతా కొడుకు నుదురు ముద్దుపెట్టుకుని, కోడలి వైపు తిరిగి, "నువ్వు మాత్రం వాడి కాళ్ళకి అడ్డం పడకమ్మాయ్," అంది. అడ్డం పడటం! ఆ మాట పట్టుకుని రఫీలా ఎన్ని బట్టలు ఉతికిందో, ఎన్ని కట్టెలు కొట్టిందో. అడ్డం పడకుండా పక్కకి ఒదిగి ఒదిగి, తన ఇంట్లో తనే దారిలో పెట్టిన బక్కెట్టులా అయింది. ఎవరైనా తన్నుకుంటే బక్కెట్టుదే తప్పు.

మార్చి వచ్చేసరికి తొట్టి ఖాళీ అయింది. తెయోఫిల్ ఇద్దరు బ్రదర్స్‌తో కొండ అవతలి పల్లెలకి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు దారి తిండికని మిగిలిన రొట్టె కట్టించుకున్నాడు. ప్రవక్త కూడా ఆ విధవరాలిని ముందు తనకే రొట్టె చెయ్యమన్నాడు కదా అని నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు రఫీలా మర్చిపోలేదు. చిన్నవాడు ఆకలికి గోడ సున్నం గీరి నోట్లో పెట్టుకున్న రోజున ఆమె కొట్టంలోకి వెళ్ళి, జోయానా పక్కన గడ్డిలో మోకరించింది. జోయానా ఆమె ఆవు. వాళ్ళ భాషలో జోయ్ అంటే గురువారం, ఆ రోజు పుట్టిందని ఆ పేరు పెట్టింది. పుట్టినప్పుడే తల్లి చచ్చిపోతే, పొయ్యి పక్కన పడుకోబెట్టి, వేళ్ళకి పాలు రాసి నాకించి బతికించుకుంది. అప్పుడది చూడితో ఉండి వట్టిపోయింది. దాని వెచ్చని డొక్కకి నుదురు ఆనించి రఫీలా ప్రార్థన చేసింది. ఆ ప్రార్థనలో ఒక్క మంచి మాట లేదు. నువ్వు ఆ మాట ఇచ్చింది ఒక ఆడదానికి, ఆమె ఇంట్లో మొగుడు కూడా లేడు, ఆమెకి పెట్టినవాడివి నాకెందుకు పెట్టవు, నా పిల్లలు సున్నం తింటున్నారు, చూడు, వచ్చి చూడు అని పళ్ళు కొరుకుతూ అడిగింది. దేవుడితో ఎవరూ అలా మాట్లాడకూడదని ఆమెకి తెలుసు.

అప్పుడే పెరటి కంచె అవతలి నుంచి డొమ్నికా ముసలమ్మ పిలిచింది.

"ఏమే మారుమనస్సు పిల్లా, కొట్టంలో ఏం చేస్తున్నావ్? ఇటు రా. ఈ మూట పట్టు, నా వల్ల కావడం లేదు."

రఫీలా సంఘం వాళ్ళని ఊళ్ళో మారుమనస్సు వాళ్ళంటారు. డొమ్నికా పెద్ద గుడికి, అంటే ఊళ్ళోని పాత చర్చికి వెళ్ళే మనిషి. ఇంట్లో దేవుడి పటాలు, వాటి ముందు దీపం. తెయోఫిల్ వాళ్ళ లెక్కలో ఆమె విగ్రహాలు కొలిచే మనిషి. ఆమె భర్త గావ్రిల్ అంతకుముందు శీతాకాలంలో పోయాడు. పోయినవాళ్ళ పేరున ఏడాది పాటు ఎవరో ఒకరికి తిండి పెట్టాలి, దాన్ని పొమానా అంటారు. ఇక్కడ తీసుకున్నవాళ్ళు కడుపునిండా తింటే అక్కడ పోయినవాడి కడుపు నిండుతుంది. రఫీలా వాళ్ళ సంఘంలో ఆ తిండి ముట్టరు. అది విగ్రహాలకి పెట్టినదానితో సమానం.

మూట విప్పితే మొక్కజొన్న పిండి. పైన ఒక రొట్టె, దానికి గుచ్చిన కొవ్వొత్తి.

"పెద్దమ్మా, ఇది మేం తీసుకోకూడదు."

"తెలుసులేవే. మరి నన్నేం చెయ్యమంటావ్? ఊళ్ళో అందరికీ తొట్లు నిండుగానే ఉన్నాయి. నిండిన కడుపుకి పెడితే మా ముసలాడికి ఏం చేరుతుంది? ఆకలిగా ఉన్నవాళ్ళు కావాలి నాకు. మీ చిన్నాడు గోడ గీరుతుంటే చూశాను." ముసలమ్మ కళ్ళు తుడుచుకుని కసురుకుంది. "తీసుకుని ఆ ఒక్క మాటా అను. మా వాణ్ణి అక్కడ పస్తు పెట్టకు."

గావ్రిల్‌ని దేవుడు క్షమించుగాక అన్నదే ఆ మాట. పోయినవాళ్ళ కోసం ప్రార్థించకూడదు కనక తమవాళ్ళ నోట రాకూడని మాట. రఫీలా అన్నది. గట్టిగానే అన్నది. కొట్టంలో అడిగి లేచి వచ్చిన వెంటనే కంచె అవతల మూట కనపడితే, అది ఎవరు పంపారో చెప్పడానికి ఆమెకి ప్రసంగీకుడు అక్కర్లేకపోయింది. ఆ రోజు పిల్లలు తిని నిద్రపోతే, ఆమె వాళ్ళ పొట్టలు తడిమి చూస్తూ వెక్కివెక్కి ఏడ్చింది. దేవుడు తన మాట విన్నాడు. తనది, రఫీలాది, మంచి మాటలు రాని దాని ప్రార్థన విన్నాడు. అంతకు ముందూ ఆ తర్వాతా ఆమెకి అంత సంతోషం లేదు.

ఆ తర్వాత మూటలు వస్తూనే ఉన్నాయి. ఊరికే తీసుకోవడం చేతకాక రఫీలా ఆ ముసలమ్మకి గోడలు వెల్ల వేసింది, తివాచీలు వాగులో ఉతికింది, బీట్‌రూటు తవ్వింది. జోయానా ఈనాక పాలూ ఇచ్చింది. తెయోఫిల్ ఊళ్ళు తిరిగి వచ్చి, సంకటి తిని, మూతి తుడుచుకుని, పిండి ఎక్కడిదని ఒక్కసారి కూడా అడగలేదు. ఆదివారం మాత్రం లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు.

"సహోదరులారా, నేను కోత మిల్లు వదిలిన నాటి నుంచి నా తొట్టిలో పిండి తరగలేదు. ఎవరు పోస్తున్నారు? చెప్పండి, ఎవరు పోస్తున్నారు?"

"దేవుడే!" అని మందిరమంతా అరిచింది.

నా ప్రార్థన నాది కాకుండా పోయింది, అనుకుంది రఫీలా ఆడవాళ్ళ వరసలో కూర్చుని. ఆకలి నాకు వచ్చింది, జవాబు నాకు వచ్చింది, బీట్‌రూటు మట్టి నా గోళ్ళలో ఉంది, సాక్ష్యం మాత్రం ఆయనది. వెనకనుంచి ఎవరో వీపు నిమిరి, "ఎంత ధన్యురాలివమ్మా, ఎలాంటి మనిషిని కట్టుకున్నావ్!" అన్నారు. ఆ సాక్ష్యం పక్క ఊళ్ళకి పాకింది. జిల్లా పెద్దలు విన్నారు. దాన్ని వినడానికే రేపు వస్తున్నారు.

ఇంతవరకూ అయినా ఆమె ఊరుకునేదే. మొన్న గురువారం కూటంలో మందిరానికి కొత్త కప్పు వెయ్యాలన్న మాట వచ్చింది. మంచు పడకముందే వెయ్యాలి, ఎవరు ఏమిస్తారని సంఘ పెద్ద నతనాయెల్ అడిగాడు. ఒకరు రేకులన్నారు, ఒకరు దూలాలన్నారు. తెయోఫిల్ లేచాడు. "నా ఆవుని ఇస్తున్నాను," అన్నాడు.

నా ఆవు. రఫీలా చెవులు గింగురుమన్నాయి. దాని పొదుగు ఏ వైపు గట్టిగా ఉంటుందో, ఏ పాట పాడితే పాలు వదులుతుందో తెలియని మనిషి, దగ్గరికి వెళ్తే అది కాలెత్తే మనిషి, నా ఆవు అంటున్నాడు. ఇంట్లో అడగలేదు. చెప్పను కూడా లేదు. ఊరందరితో పాటు ఆమెకీ అక్కడే తెలిసింది. ఆడవాళ్ళంతా తడికళ్ళతో ఆమెవైపు తిరిగి తలలు ఊపారు. ఆమె కూడా తల ఊపింది. అలా తల ఊపినందుకు రెండు రోజులుగా తనని తను తిట్టుకుంటూనే ఉంది. పిల్లల పాలు, అమ్ముకునే వెన్న, చలికాలమంతా ఇంటికున్న ఏకైక ఆధారం ఆదివారం కూటం కాగానే తాడుతో సహా వెళ్ళిపోతుంది.

ఇప్పుడేమో క్యాబేజీ చుట్టలు కావాలట.

రఫీలా తొట్టిలోంచి లేచింది. జుట్టుకి పిండి, చేతిలో ఈక. నేరుగా గదిలోకి వెళ్ళి నిలబడింది.

"తొట్టి నింపింది ఎవరో తెలుసా నీకు?"

"దేవుడు," అన్నాడు తెయోఫిల్. సాక్ష్యం వేడిలోనే ఉన్నాడు.

"అవును. దేవుడే. ఎవరి చేత్తోనో తెలుసా?"

"ఎవరి చేత్తో అయితే ఏంటే?"

"డొమ్నికా చేత్తో. గావ్రిల్ పేరు మీద. నువ్వు మార్చి నుంచి తింటున్నది పొమానా."

తెయోఫిల్ ముఖం పాలిపోయింది. పెరట్లోకి పరుగెత్తి, బావి దగ్గర బక్కెట్టు ఎత్తి, నోరు పుక్కిలించి ఉమ్మాడు. మళ్ళీ పుక్కిలించాడు. ఇన్ని నెలలు తిని ఒళ్ళు చేసిన తిండి పుక్కిలిస్తే పోతుందా! రఫీలాకి నవ్వొచ్చింది. గుమ్మం పట్టుకుని ఆపుకుంది. ఆయన తిరిగి వచ్చి ఏమడుగుతాడా అని చూసింది. పిల్లలు అంత ఆకలిగా ఉన్నారా అని అడుగుతాడేమో. ఒక్కదానివే ఎలా పడ్డావు అని అడుగుతాడేమో. అడిగితే ఆమె ఏమైపోయేదో, ఆవు సంగతి కూడా మర్చిపోయేదేమో.

"నా సాక్ష్యం ఏం కాను?" అన్నాడు తెయోఫిల్. "అపవిత్రమైన తిండిని పట్టుకుని, దేవుడిచ్చాడని నా చేత పదిమందిలో చెప్పించావు కదే!"

"నేను చెప్పించానా? నువ్వు అడిగావా ఎక్కడిదని?"

"అడగాలా? ఇంటి ఇల్లాలివి, నాకు తెలియకుండా పాపం వండి పెడతావా?"

"పాపం వండకపోతే పిల్లలు గోడలు తినేవాళ్ళు. సున్నం మీద వాగ్దానం ఏమన్నా ఉందా నీ దగ్గర?"

"విశ్వాసం ఉంటే ఇంకో రోజు ఆగి ఉండేదానివి. దేవుడు ఇంకో రకంగా ఇచ్చేవాడు."

"ఇంకో రోజు," అంది రఫీలా. "ఎవరి కడుపు మీద ఆగమంటావ్? నువ్వు రొట్టె మూట కట్టుకుని వెళ్ళావు."

తెయోఫిల్ కోటు తగిలించుకుని నతనాయెల్ ఇంటికి వెళ్ళాడు. మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. ముఖం తేటపడింది. పెద్దలు ఒక దారి చూపించారట.

"రేపు కూటంలో ముందు నువ్వు లేచి ఒప్పుకోవాలి. భర్తకి తెలియకుండా చేశానని, నాలో అవిశ్వాసం ఉందని చెప్పాలి. అన్న నీ కోసం ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత నేను సాక్ష్యం చెప్తాను. తొట్టి మాట వదిలేసి ఆవు గురించి చెప్తాను. అందరికీ దీవెనకరంగా ఉంటుంది." కోటు మేకుకి తగిలించి, వెనక్కి తిరిగి అన్నాడు. "భోజనం మాత్రం మానొద్దన్నారు అన్న. జిల్లా వాళ్ళకి మాట ఇచ్చేశాం. మా అమ్మ దగ్గర ఓ కోడి అడిగి తెచ్చుకో."

ఆమెని పదిమందిలో పాపిని చేసి నిలబెడతారు. ఆ తర్వాత ఆమె ఇంటికి పరుగెత్తుకొచ్చి వాళ్ళకి వడ్డించాలి. తిని, ఆవుని తోలుకుని వెళ్తారు. రఫీలా ఆయన ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో దొంగతనం లేదు, దుర్మార్గం లేదు. నిజంగానే అదంతా సబబని ఆయన నమ్ముతున్నాడు. అదే ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది. దొంగని పట్టుకుంటే సిగ్గుపడతాడు, ఈయన ప్రార్థన చేసుకుని హాయిగా పడుకుంటాడు.

"సరే," అంది.

పాలు పితికే వేళకి కంచె దగ్గరికి వెళ్ళింది. డొమ్నికా మెట్టు మీద కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటోంది.

"పెద్దమ్మా, మీ కొట్టం ఖాళీగానే ఉందిగా?"

"ముసలాడు పోయాక అందులో ఏముంది, ఎలకలు తప్ప. ఏం?"

"నేనూ, పిల్లలూ, జోయానా వస్తాం."

ముసలమ్మ చేతులు ఆగాయి. రఫీలా ముఖం ఎగాదిగా చూసింది. ఏమైందని అడగలేదు.

"నీకు కొట్టమెందుకే, గదులున్నాయి. ఆవుకి గడ్డి పరుస్తాను. దీపాల ముందు మొహం ముడుచుకోకుండా ఉంటావా మరి?"

"నేను మోకరించే చోట నేను మోకరిస్తాను."

"మోకరించు. ఆయన ఒక్కడేగా," అని డొమ్నికా మళ్ళీ నూనె రాసుకోసాగింది.

ఆదివారం తెయోఫిల్ తెల్ల చొక్కా వేసుకుని ముందు వెళ్ళాడు. ఆ చొక్కాకి ఇస్త్రీ చేసింది రఫీలాయే. అదే ఆఖరి పని అనుకుంటూ కాలరు దగ్గర ఇంకోసారి తిప్పింది కూడా. ఆయన వెళ్ళాక తొట్టిని వేడినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టింది. గోడకున్న కార్డు తీసింది. అంచున తను అంటించిన ఎండు పువ్వు రంగు వెలిసింది. ఆ వాక్యం ఇంకోసారి చదివింది. దాని మీద ఆమెకి కోపం లేదు. ఆ మాట నిజమే అయింది, ఆమె విషయంలో నిజమైంది. కార్డుని తొట్టి అడుగున వెల్లకిలా పెట్టి మూత వేసింది. పొయ్యి వెలిగించలేదు.

పెద్ద కూతురు తబితా దుప్పట్లు మోసింది. చిన్నవాణ్ణి రఫీలా చంకన ఎత్తుకుంది. డొమ్నికా పెరడు తమ పెరటికి ఆనుకునే ఉన్నా, ఆవు కంచె దాటదు. రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలి. రోడ్డు ప్రార్థన మందిరం ముందు నుంచే పోతుంది.

"అమ్మా, దీని మెడ గంటలో గడ్డి కుక్కనా? చప్పుడు కాకుండా?" అంది తబితా.

"వద్దు," అంది రఫీలా.

మందిరంలో అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు. కిటికీలు తెరిచి ఉన్నాయి. నతనాయెల్ గొంతు ఒక్కటే వినపడుతోంది. ఆ గొంతులోకి గంట వచ్చి పడింది. జోయానా తీరిగ్గా నడిచే ఆవు, తొందరపడదు. గంట ఒక్కో అడుక్కీ మోగింది. ముందు పిల్లలు తలలెత్తారు, తర్వాత ఆడవాళ్ళు. సవేతా తల కిటికీలోంచి బయటికి వచ్చి, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. తలుపు తోసుకుని తెయోఫిల్ బయటికి వచ్చాడు. వెనకాలే నతనాయెల్, ఆయన వెనక కొత్త బూట్లు వేసుకున్న జిల్లా పెద్దలు.

"ఎక్కడికే?" అన్నాడు తెయోఫిల్ గొంతు తగ్గించి. "నీ కోసం చూస్తున్నాం అందరం. ఆవుని ఇప్పుడే తెమ్మన్నానా?"

"నీ కోసం తేలేదు."

"చెల్లెమ్మా, అది దేవుడికి మొక్కిన ఆవు," అన్నాడు నతనాయెల్ మెల్లగా, జబ్బుపడ్డవాళ్ళతో మాట్లాడినట్టు.

"మొక్కినాయన్ని ఒక్క చెంబు పాలు పితికి చూపించమనండన్నా. ఇదిగో తాడు. పితికితే తోలుకుని పొండి."

తాడు చాచి పట్టుకుంది. తెయోఫిల్ ఒక అడుగు వేశాడు. జోయానా చెవులు వెనక్కి పెట్టి కాలు నేలకేసి కొట్టింది. ఆయన ఆగిపోయాడు. జిల్లా పెద్దల్లో ఒకాయన దగ్గినట్టు నవ్వాడు, లేక నవ్వినట్టు దగ్గాడు. తెయోఫిల్ చెవులు ఎర్రబడ్డాయి. దగ్గరికి వచ్చి, పళ్ళ మధ్య నుంచి అన్నాడు.

"పరువు తియ్యకు. ఇంటికి పద. ఇంకో గంటలో వీళ్ళంతా భోజనానికి వస్తారు. ఇంట్లో ఏముంది?"

రఫీలా తాడు మళ్ళీ చేతికి చుట్టుకుంది. ఆమె గొంతు తగ్గించలేదు. మందిరంలో ఆడవాళ్ళు కిటికీల దాకా వచ్చారు. అందరికీ వినపడేలా, కానీ అరవకుండా చెప్పింది.

"తొట్టి మూత తీసి చూసుకో. లోపల వాగ్దానం ఉంది. ఇన్నాళ్ళూ దేవుడికీ ఆ తొట్టికీ మధ్య నేను అడ్డంగా ఉన్నాను. ఇవాళ తప్పుకున్నాను."